ఉద్యోగుల సమయాన్ని ముందే అట్టిపెట్టాలంటే: షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్ధతి ఎప్పుడు వాడాలి

"వచ్చే నెల రెండో వారం ఆ డిజైనర్‌ని మాకోసం ఉంచండి" అని ఒక టీమ్ లీడ్ చాట్‌లో అడుగుతారు. షెడ్యూల్ చూసే మనిషి సరేనంటారు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ వారం ఖాళీగానే కనిపిస్తూ ఉంటుంది. కొన్ని రోజులకు ఇంకో లీడ్ వచ్చి, ఖాళీ ఉంది కదా అని అదే మనిషిని వేరే పనికి బుక్ చేసేస్తారు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. మాట ఒకచోట, లెక్క ఇంకోచోట ఉండటం వల్ల వచ్చిన గొడవ ఇది. మధ్యలో నలిగిపోయేది ఆ డిజైనర్.

దీనికి చాలామంది చెప్పే పరిష్కారం, "సాఫ్ట్‌వేర్‌లో బ్లాక్ చేసి పెట్టుకోండి" అని. కానీ బ్లాక్ చేయడానికి దారులు చాలా ఉన్నాయి. క్యాలెండర్‌లో బిజీ అని పెట్టొచ్చు. లీవ్ లాంటి ఎంట్రీ వేయొచ్చు. టెంటేటివ్, అంటే ఇంకా ఖరారు కాని బుకింగ్ పెట్టొచ్చు. పని గంటలనే తగ్గించి చూపొచ్చు. మనిషి పేరు లేకుండా పోస్టును మాత్రమే రిజర్వ్ చేయొచ్చు. లేదా రోజువారీ పనికి వేయకుండా ఇద్దరు ముగ్గురిని స్టాండ్‌బైలో ఉంచొచ్చు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, షెడ్యూల్ గడిలో ఏదో ఒక రంగు పడుతుంది. లోపల లెక్క మారే తీరు మాత్రం దేనికదే.

వీటిలో ఏది ఎంచుకోవాలన్నప్పుడు ఏది గట్టిగా లాక్ చేస్తుందో అని చూడటం మామూలు. నేను ముందు చూడమనేది వేరు. అనుకున్న పని రాకపోతే ఆ సమయం ఎవరికి, ఎప్పుడు, ఎవరూ గుర్తు చేయకుండానే తిరిగి వస్తుంది? లాక్ వేయడం ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ వచ్చు. సమయానికి విడుదల చేయడం కొన్నింటికే వచ్చు. విడుదల లేని చోట ప్రతి టీమూ సీటుకు కర్చీఫ్ వేసినట్టు మంచి ఉద్యోగుల వారాలన్నీ ముందే ఆక్రమించుకుంటుంది. షెడ్యూల్ నిండుగా కనిపిస్తుంది, పని మాత్రం జరగదు. అందుకే కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ ప్రశ్నతోనే కొలిచాను.

క్యాలెండర్ బ్లాక్

అన్నిటికన్నా తేలికైనది ఇదే. ఔట్‌లుక్‌లో ఒక ఎంట్రీ పెట్టి దాన్ని ఫ్రీ, వర్కింగ్ ఎల్స్‌వేర్, టెంటేటివ్, బిజీ, ఔట్ ఆఫ్ ఆఫీస్ అనే అయిదు రకాల్లో ఒకటిగా చూపొచ్చు. గూగుల్ క్యాలెండర్‌లో 2021లో ఫోకస్ టైమ్ అనే ఎంట్రీ వచ్చింది. ఆ సమయంలో వచ్చే మీటింగ్ పిలుపులను అది తనంతట తానే తిరస్కరించగలదు. ఉద్యోగి తన ఏకాగ్రత కోసం రెండు గంటలు కాపాడుకోవాలంటే ఇంతకన్నా పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, క్యాలెండర్ వేరు, షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ వేరు. రెంటినీ సింక్ చేశామని నిశ్చింతగా ఉంటాం. క్యాలెండర్ల మధ్య సమాచారం వెళ్లే ఐక్యాలెండర్ ప్రమాణంలో, అంటే 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5545లో, ఒక ఎంట్రీ సమయాన్ని ఆక్రమిస్తుందా లేదా అనేదానికి ఒక గుర్తు ఉంది. టెంటేటివ్, కన్ఫర్మ్‌డ్, క్యాన్సిల్డ్ అనే స్థితికి ఇంకో గుర్తు ఉంది. ఈ రెండూ వేర్వేరు. సింక్ చేసే సాఫ్ట్‌వేర్ మొదటిదాన్నే చదివి రెండోదాన్ని వదిలేస్తే, మీరు టెంటేటివ్ అని పెట్టింది అవతల పూర్తి బిజీగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల అసలు కనిపించదు. ఎటు తప్పినా నష్టమే. సింక్‌పై ఆధారపడే ముందు అయిదు రకాల ఎంట్రీలూ తలా ఒకటి వేసి, అవతల ఎలా పడ్డాయో కళ్లారా చూసుకోండి.

క్యాలెండర్ బ్లాక్ ఎవరికి వాళ్లు వాడుకోవడానికి బాగుంటుంది. ఒక లీడ్ ఇంకొకరి సమయాన్ని దీనితో అట్టిపెట్టడం మాత్రం మంచి పద్ధతి కాదు. ఎవరి కోసం, ఏ పని కోసం అన్నది ఏ రిపోర్టుకూ ఎక్కదు. ఒకసారి వేసిన వారంవారీ బ్లాక్ దానంతట అది పోదు కూడా. ప్రాజెక్టు ముగిసిపోయినా బుధవారం రెండు గంటలు అలాగే మిగిలిపోతాయి.

లీవ్ ఎంట్రీ, డమ్మీ ప్రాజెక్టు

టెంటేటివ్ సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చేవాళ్లు రెండు అడ్డదారులు పడతారు. ఒకటి, మనిషిని సెలవులో ఉన్నట్టు చూపడం. ఇంకోటి, "రిజర్వ్‌డ్" అనే పేరుతో ఒక డమ్మీ ప్రాజెక్టు తెరిచి గంటలన్నీ అందులో వేయడం.

లీవ్ ఎంట్రీ వద్దని గట్టిగా చెబుతాను. అది చాలా వ్యవస్థల్లో పేరోల్‌కూ లీవ్ బ్యాలెన్స్‌కూ ముడిపడి ఉంటుంది. ట్రైనింగ్ కోసం పెట్టిన ఎంట్రీ వల్ల ఒక ఉద్యోగి సెలవు దినం తగ్గిపోతే, దాన్ని సరిచేయించడానికి ఆ ఉద్యోగే తిరగాలి. సాఫ్ట్‌వేర్‌లో గైర్హాజరు ఎంట్రీకి ట్రైనింగ్, మీటింగ్, ఇతర కారణాలు అంటూ జీతంతో సంబంధం లేని రకాలు విడిగా పెట్టుకునే వీలుంటే అప్పుడు ఫర్వాలేదు.

డమ్మీ ప్రాజెక్టు అంత ప్రమాదం కాదు. కానీ అది యుటిలైజేషన్ లెక్కను, అంటే ఉన్న గంటల్లో ఎన్ని పనికి వాడారన్న లెక్కను పాడుచేస్తుంది. ఎవరూ పనిచేయని గంటలు పనిచేసినట్టు చూపిస్తాయి, నెలాఖరు రిపోర్టులో టీమ్ తీరిక లేనట్టు తేలుతుంది, ఆ రిపోర్టు చూసి కొత్తవాళ్లను తీసుకోవాలా వద్దా అని నిర్ణయిస్తారు. తప్పదనుకుంటే ఆ ప్రాజెక్టును బిల్లింగ్‌కు రానిదిగా గుర్తించండి, రిపోర్టులన్నిటిలోంచి ఫిల్టర్ చేయండి, ప్రతి ఎంట్రీకీ ముగింపు తేదీ తప్పనిసరి చేయండి. ముగింపు తేదీ లేకుండా దాన్ని వాడనివ్వొద్దు.

టెంటేటివ్ బుకింగ్

కావాల్సింది దాదాపు ఖాయం, కానీ ఇంకా ఖరారు కాలేదు అన్న స్థితికి పుట్టిన సదుపాయం ఇది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ప్రపోజ్డ్, కమిటెడ్ అనే రెండు బుకింగ్ రకాలున్నాయి. డైనమిక్స్ 365లో సాఫ్ట్ బుకింగ్, హార్డ్ బుకింగ్ అంటారు. ఫ్లోట్, రిసోర్స్ గురు లాంటివాటిలో టెంటేటివ్ అనే పేరే ఉంటుంది. పేరు ఏదైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. టెంటేటివ్ గంటలు ఆ మనిషి ఖాళీ సమయంలోంచి తగ్గుతాయా, తగ్గవా?

తగ్గితే సమయం నిజంగానే కాపాడబడుతుంది, కానీ ఖరారు కాని పనులే షెడ్యూల్‌ను నింపేస్తాయి. తగ్గకపోతే అది గోడ మీద రాసుకున్న గుర్తులాంటిది మాత్రమే, ఎవరైనా పైనుంచి బుక్ చేసుకుపోవచ్చు. నాకు నచ్చేది రెండు అంకెలూ పక్కపక్కన చూపించే ఏర్పాటు: ఖరారైనవి మాత్రమే తీసేస్తే ఇన్ని గంటలు ఖాళీ, టెంటేటివ్ కూడా తీసేస్తే ఇన్ని గంటలు ఖాళీ. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతుందో చూస్తే షెడ్యూల్‌లో ఎంత భాగం ఇంకా గాల్లో ఉందో తెలిసిపోతుంది.

కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి టెంటేటివ్ బుకింగ్‌కూ అది ఖరారయ్యే అవకాశం ఇంత శాతం అని రాసుకునే వీలుంటుంది. 40 గంటల పని, సగం అవకాశం అంటే 20 గంటలుగా లెక్క వేస్తుంది. పెద్ద టీమ్‌కు వచ్చే మూడు నెలల్లో ఎంతమంది కావాలో అంచనా వేయడానికి ఇది పనికొస్తుంది. ఒక్క మనిషి వారానికి మాత్రం దీన్ని వాడకండి. ఒకరి మీద ఒకే వారానికి 40 గంటల టెంటేటివ్ పనులు మూడున్నాయి, దేనికది ఖరారయ్యే అవకాశం సగం అనుకుందాం. సగటు 60 గంటలు. నిజంగా జరిగేది మాత్రం 0, 40, 80, 120లో ఏదో ఒకటి. ఒకదాని ఫలితం ఇంకోదాన్ని తాకకపోతే, కనీసం రెండు పనులు ఖరారై ఢీకొట్టుకునే అవకాశం సరిగ్గా 50 శాతం. మూడూ పోయి వారమంతా ఖాళీ అయ్యే అవకాశం 12.5 శాతం. 60 అనే అంకె ఈ రెండింటినీ దాచేస్తుంది.

ఢీకొన్నప్పుడు ఏం జరగాలన్నది చాలాచోట్ల ముందుగా ఆలోచించి పెట్టుకోరు. సంగీత కచేరీల వేదికలు బుక్ చేసేవాళ్లకూ, సినిమా సిబ్బందిని కుదిర్చేవాళ్లకూ దీనికి పాత పద్ధతి ఒకటుంది. ఫస్ట్ హోల్డ్, సెకండ్ హోల్డ్ అని వరస ఉంటుంది. రెండో వరసలో ఉన్నవాళ్లు "మేం ఖరారు చేసుకోవడానికి సిద్ధం" అంటే, మొదటివాళ్లకు కొద్దిపాటి గడువు ఇస్తారు. ఆ లోపల ఖరారు చేసుకోవాలి, లేదా వదులుకోవాలి. ఆఫీసు షెడ్యూల్‌కు ఇంతకన్నా న్యాయమైన పద్ధతి నాకు కనిపించలేదు. రిసోర్స్ గురులో బుకింగ్ ఢీకొంటే కొత్తదాన్ని వెయిటింగ్ లిస్టులో పెట్టే సదుపాయం ఉంది. మీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటిది లేకపోయినా ఒక పని దినం గడువు అన్న నియమం రాసిపెట్టుకుని నోట్స్ గడిలో వరస రాసుకుంటే చాలు, చాలా గొడవలు తగ్గుతాయి.

ఇక గడువు. టెంటేటివ్ బుకింగ్‌కు ఎక్స్‌పైరీ తేదీ పెట్టొచ్చా, ఆ తేదీ రాగానే అది తనంతట తానే పోతుందా అన్నది నా లెక్కలో ఈ మొత్తం పోలికలో అతి ముఖ్యమైన అంశం. ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో ఈ ఆలోచన చాలా కాలంగా ఉంది. ఒక సర్జన్‌కో, ఒక విభాగానికో వారంలో ఫలానా పూట థియేటర్ బ్లాక్‌గా కేటాయిస్తారు. నిర్ణీత రోజుల ముందు వరకూ అందులో కేసులు నింపకపోతే ఆ సమయం విడుదలై మిగతావాళ్లకు అందుబాటులోకి వస్తుంది. ఆ గడువు అన్ని విభాగాలకూ ఒకటే ఉండదు. కేసులు చాలా ముందుగా బుక్ అయ్యే విభాగానికి ముందే విడుదల, ఆఖరి రోజుల్లో నిండే విభాగానికి ఆలస్యంగా విడుదల.

మన షెడ్యూల్‌కు కూడా గడువు అలాగే పెట్టాలి. పని మొదలయ్యే రోజుదాకా హోల్డ్ ఉంచి ఆ ఉదయం వదిలేస్తే ఎవరికి లాభం? ఆ సమయాన్ని వాడుకోవాల్సిన రెండో టీమ్‌కు సిద్ధమవడానికి ఎన్ని రోజులు కావాలో, కనీసం అన్ని రోజుల ముందు అది వాళ్ల చేతికి రావాలి. ఆ టీమ్‌కు పని సర్దుకోవడానికి మూడు రోజులు పడితే, హోల్డ్ గడువు మూడు రోజుల ముందే ముగియాలి. గడువును హోల్డ్ పెట్టినవాళ్ల సౌకర్యం చూసి కాకుండా తర్వాత వాడుకునేవాళ్ల అవసరం చూసి పెట్టాలన్నది నా గట్టి నమ్మకం.

పని గంటలను తగ్గించి చూపడం

రోజుకు 8 గంటల మనిషిని 6 గంటలకే అందుబాటులో ఉన్నట్టు సెట్ చేస్తే మిగతా 2 గంటలు ఎవరికీ కనిపించవు. మెయిళ్లు, చిన్న సందేహాలు, ఊహించని పనులు అందులో సర్దుకుంటాయి. ఇలా కొంత వదిలిపెట్టడం బద్ధకం కాదు. ఒకే మనిషి, పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపడటం, ఒక్కో పనికి పట్టే సమయం రకరకాలుగా ఉండటం అన్న మామూలు క్యూ లెక్క తీసుకోండి. మనిషి 80 శాతం బిజీగా ఉంటే కొత్త పని సగటున ఒక పనికి పట్టే సమయానికి 4 రెట్లు ఎదురుచూస్తుంది. 90 శాతం అయితే 9 రెట్లు. 95 శాతం అయితే 19 రెట్లు. 90 నుంచి 95కు పెంచిన ఆ అయిదు శాతానికే ఎదురుచూపు రెట్టింపు దాటిపోతుంది. ప్రతి నిమిషం బుక్ అయి ఉండాలని పట్టుబట్టే మేనేజర్లకు ఈ నాలుగు వాక్యాలు చూపించండి.

ఈ పద్ధతి లోపం ఏమిటంటే, తీసిపెట్టిన సమయం ముక్కలుగా ఉంటుంది. 20 శాతం ట్రైనింగ్‌కు అని పెడితే వారానికి 8 గంటలు వస్తాయి, కానీ సాఫ్ట్‌వేర్ దాన్ని రోజుకు 1.6 గంటలుగా పంచుతుంది. పూర్తి రోజు కూర్చోవాల్సిన ట్రైనింగ్ అందులో ఎలా జరుగుతుంది? రోజుకు 4 గంటలు పనిచేసే పార్ట్‌టైమ్ ఉద్యోగికి అదే 20 శాతం అంటే 48 నిమిషాలు. ఒకే చోట కలిసి కావాల్సిన సమయానికి శాతం వద్దు, నేరుగా ఒక పూట బ్లాక్ చేయండి. చిన్న చిన్న అంతరాయాలకు శాతమే సరైనది. డైనమిక్స్ 365లో గంటలను సమానంగా పంచాలా, ముందు రోజుల్లోనే నింపాలా, సామర్థ్యంలో ఇంత శాతం తీసుకోవాలా అని అడిగి మరీ కేటాయించే ఏర్పాటు ఉంది. మీ సాఫ్ట్‌వేర్ అడగకుండానే సమానంగా పంచేస్తుంటే ఆ విషయం టీమ్ అందరికీ తెలిసి ఉండాలి.

కాల్ సెంటర్లలో ఇదే ఆలోచనను ష్రింకేజ్ అంటారు. సెలవులు, బ్రేకులు, ట్రైనింగ్, మీటింగులు అన్నీ కలిపి జీతమిచ్చే సమయంలో ఇంత శాతం ఫోన్ల దగ్గర ఉండరు అని ముందే తీసేస్తారు. ఇక్కడ తరచూ జరిగే లెక్క పొరపాటు ఒకటి చెప్పాలి. ఫోన్ల దగ్గర 35 మంది ఉండాలి, ష్రింకేజ్ 30 శాతం. 35కు 30 శాతం కలిపితే 45 లేదా 46 వస్తుంది. అది తప్పు. 35ను 0.7తో భాగించాలి, 50 మంది కావాలి. 46 మందిని పెడితే అందులో 30 శాతం పోను మిగిలేది 32 మందే. మీరు చూస్తున్న సాఫ్ట్‌వేర్ ష్రింకేజ్‌ను కలుపుతోందా భాగిస్తోందా అన్నది డెమోలోనే ఈ అంకెలు వేసి చూడండి.

పేరు లేని బుకింగ్

పని ఖాయం, ఎవరు చేస్తారో తేలలేదు. ఇలాంటప్పుడు ఫలానా మనిషి పేరు వేసేస్తే ఆ మనిషి అనవసరంగా ఇరుక్కుంటారు. "సీనియర్ టెస్టర్, రెండు వారాలు" అని పోస్టును మాత్రమే రిజర్వ్ చేయడం మంచిది. చాలా ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లలో దీన్ని జెనరిక్ రిసోర్స్ అనో ప్లేస్‌హోల్డర్ అనో అంటారు. షిఫ్టుల సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ షిఫ్ట్ అంటారు, అర్హత ఉన్నవాళ్లు తామే తీసుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త. పేరు లేని బుకింగులు ఏ మనిషి ఖాళీ సమయాన్నీ తగ్గించవు కాబట్టి, ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు నలుగురే ఉండగా ఆరుగురికి రిజర్వేషన్లు పడిపోవచ్చు. నైపుణ్యం వారీగా డిమాండ్, ఉన్న గంటలు పక్కపక్కన చూపే రిపోర్టు లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు.

రిజర్వ్ పూల్, స్టాండ్‌బై

విమానయాన సంస్థలు ఫలానా విమానానికి అని కాకుండా కొంతమంది సిబ్బందిని రిజర్వ్‌లో ఉంచుతాయి. ఆసుపత్రుల్లో ఏ వార్డుకైనా వెళ్లగల నర్సుల ఫ్లోట్ పూల్ ఉంటుంది. ప్రతి ఒక్కరి షెడ్యూల్‌లో కొంచెం కొంచెం ఖాళీ వదలడం కన్నా ఖాళీని ఒకచోట పోగుచేయడం ఎందుకు మేలో లెక్కతో చూడొచ్చు. తొమ్మిది మందికి తలా ఒక గంట అదనపు సమయం కావాలనుకుందాం, మొత్తం 9 గంటలు. ఒకరి ఒత్తిడికీ ఇంకొకరి ఒత్తిడికీ సంబంధం లేకపోతే, హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి కాబట్టి అంతే భద్రత ఉమ్మడిగా ఉంచిన సుమారు 3 గంటలతో వస్తుంది. 9కి వర్గమూలం 3 అన్నదే ఇందులో సూత్రం. అయితే ఎవరి పనినైనా ఎవరైనా చేయగలగాలి. అలాగే అందరికీ ఒకేసారి ఒత్తిడి వచ్చే చోట, ఉదాహరణకు నెలాఖరు ఖాతాల ముగింపులో, ఈ లాభం కరిగిపోతుంది.

స్టాండ్‌బై పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ కన్నా ముందు చట్టం చూసుకోవాలి. ఇంట్లో ఉండి ఫోన్ కోసం చూస్తున్న సమయం పని సమయమా, విశ్రాంతా? ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2000లోనూ, 2003లోనూ పని స్థలంలోనే ఉండి చేసే ఆన్-కాల్ పని సమయమేనని తీర్పులిచ్చింది. 2018లో బెల్జియం అగ్నిమాపక సిబ్బంది కేసులో, పిలిస్తే 8 నిమిషాల్లో రావాల్సి ఉంటే ఇంట్లో ఉన్నా అది పని సమయంగానే లెక్కకు వస్తుందని చెప్పింది. అక్కడి 2003 నాటి పని సమయ నిబంధనల ప్రకారం రోజుకు వరసగా 11 గంటల విశ్రాంతి, వారానికి సగటున 48 గంటల పరిమితి ఉన్నాయి. ఇతర దేశాల్లో నియమాలు వేరు. ఎక్కడైనా సరే, సాఫ్ట్‌వేర్‌లో స్టాండ్‌బైకి ప్రత్యేకమైన ఎంట్రీ రకం ఉండాలి, విశ్రాంతి గంటల తనిఖీ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్టాండ్‌బైని ఖాళీ సమయంలాగే చూపే సాఫ్ట్‌వేర్ రాత్రంతా మేలుకున్న మనిషికి పొద్దున్నే షిఫ్ట్ వేసేస్తుంది.

ఆటో షెడ్యూలర్ ఉంటే

మనుషులు చేత్తో వేసే షెడ్యూల్‌లో మొహమాటం కూడా రక్షణే. లీడ్ పేరు చూసి ఆగుతారు. ఆటో షెడ్యూలర్‌కు ఆ మొహమాటం ఉండదు. దానికి హార్డ్ నియమాలు, సాఫ్ట్ నియమాలు అని రెండే ఉంటాయి. హార్డ్ అంటే దాటడానికి వీల్లేదు, సాఫ్ట్ అంటే దాటితే కొంత పెనాల్టీ. మీ రిజర్వేషన్ సాఫ్ట్ నియమంగా పడితే, అంతకన్నా ఎక్కువ పెనాల్టీ తప్పించుకోవడం కోసం షెడ్యూలర్ దాన్ని నిర్భయంగా తొక్కేస్తుంది. కొన్నింటిలో పిన్ చేసే వీలుంటుంది, పిన్ చేసిన ఎంట్రీని షెడ్యూలర్ కదపదు. ట్రైనింగ్, వైద్య పరీక్షలు, చట్టపరమైన విశ్రాంతి పిన్ చేయండి. మిగతావి సాఫ్ట్‌గానే వదలండి. అన్నీ పిన్ చేస్తే షెడ్యూలర్‌కు కదిలే చోటు ఉండదు, పరిష్కారం దొరకలేదని చేతులెత్తేస్తుంది.

ఏది ఎవరికి

పది మందికి మించని టీమ్, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు అయితే క్యాలెండర్ బ్లాకులూ, గడువు రాసిన టెంటేటివ్ బుకింగులూ చాలు. పెద్ద వ్యవస్థ కొనాల్సిన పని లేదు. క్లయింట్ల కోసం పనిచేసే సంస్థల్లో టెంటేటివ్ బుకింగే ప్రాణం, అక్కడ ఎక్స్‌పైరీ, వెయిటింగ్ వరస లేని సాఫ్ట్‌వేర్‌ను తీసుకోవద్దు. పని మొదలవడానికి చాలా ముందు ఉంటే పేరు లేని బుకింగుతో మొదలుపెట్టి, దగ్గరపడ్డాక పేరున్న టెంటేటివ్‌కు, ఆ తర్వాత ఖరారుకు మార్చడం బాగా నడుస్తుంది. షిఫ్టుల మీద నడిచే చోట ఒక్కొక్కరి సమయాన్ని అట్టిపెట్టడం కన్నా రిజర్వ్ పూల్, ష్రింకేజ్ సరిగ్గా కుదుర్చుకోవడం మేలు. సపోర్ట్ టీముల్లాగా అంతరాయాలు ఎక్కువగా ఉన్నచోట పని గంటలు తగ్గించి చూపడమే అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది.

ఒకే సంస్థలో రెండు మూడు పద్ధతులు కలిపి వాడటం తప్పు కాదు. ఒకే అవసరానికి రెండు పద్ధతులు వాడితేనే తప్పు. ట్రైనింగ్ కోసం గంటలు 20 శాతం తగ్గించి, మళ్లీ ట్రైనింగ్ రోజున బ్లాక్ కూడా వేస్తే ఆ సమయం రెండుసార్లు పోతుంది. ఏ అవసరానికి ఏ ఎంట్రీ అన్నది ఒక పేజీలో రాసి అందరికీ కనిపించేలా పెట్టండి.

కొనేముందు ట్రయల్‌లో

డెమో చూపించేవాళ్లు బుక్ చేయడం చూపిస్తారు. మీరు విడుదలను చూపించమనండి. ఒక టెంటేటివ్ బుకింగ్‌కు రేపటి గడువు పెట్టి ఎల్లుండి వెళ్లి చూడండి. అది పోయిందా? పోతే ఎవరికి మెసేజ్ వెళ్లింది? వెయిటింగ్‌లో ఉన్న రెండో టీమ్‌కు తెలిసిందా, లేక వాళ్లు రోజూ వెళ్లి చూసుకుంటూ ఉండాలా?

తర్వాత వారంవారీ బ్లాక్ ఒకటి ఎనిమిది వారాలకు వేసి, మధ్యలో ఒక వారం సెలవు దినం పెట్టండి. ఆ వారం బ్లాక్ పోతుందా, పక్క రోజుకు జరుగుతుందా, సెలవు మీదే కూర్చుంటుందా? ఆ మనిషిని వేరే టీమ్‌కు మార్చండి. పాత టీమ్ పెట్టిన హోల్డ్‌లు వెంటే వచ్చాయా? ఒక హోల్డ్ పెట్టిన లీడ్ అకౌంట్‌ను తీసేయండి. యజమాని లేని హోల్డ్‌లు కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో శాశ్వతంగా మిగిలిపోతాయి, అడ్మిన్ తప్ప ఎవరూ తీయలేరు. వేసవికీ చలికాలానికీ గడియారాలు మార్చే దేశాల్లో మీ వాళ్లుంటే, ఆ మార్పు తేదీకి అటూ ఇటూ ఒకే సమయానికి బ్లాక్ వేసి, మీ వైపు నుంచి, వాళ్ల వైపు నుంచి చూడండి. ఒక గంట జరిగిపోవడం ఇక్కడే బయటపడుతుంది.

ఇద్దరు ఒకే క్షణంలో ఒకే మనిషిని ఒకే సమయానికి బుక్ చేయడం కూడా చేసి చూడండి, రెండు ల్యాప్‌టాప్‌లు చాలు. ఒకరికి కుదిరి రెండోవారికి స్పష్టమైన మెసేజ్ రావాలి. ఇద్దరికీ కుదిరిందని చూపితే ఆ సాఫ్ట్‌వేర్‌ను అక్కడితో ఆపేయొచ్చు. ఖరారైన బుకింగ్ మీద ఓవర్‌రైడ్ చేసే హక్కు ఎవరెవరికి ఉందో, చేస్తే కారణం అడుగుతుందో లేదో, ఎవరు ఎప్పుడు మార్చారన్న చరిత్ర మిగులుతుందో లేదో చూడండి.

ఆఖరి పరీక్ష మామూలు ఉద్యోగి లాగిన్‌తో, ఫోన్‌లో చేయండి. తన సమయాన్ని ఎవరు అట్టిపెట్టారు, దేనికోసం, ఎప్పటివరకు అన్నది ఆ ఉద్యోగికి కనిపించాలి. కుదరదు అనుకుంటే అక్కడినుంచే అభ్యంతరం చెప్పే వీలుండాలి. మేనేజర్ స్క్రీన్‌లో మాత్రమే ఇవన్నీ చూపించి, ఉద్యోగికి బూడిదరంగు గడి ఒక్కటే చూపించే సాఫ్ట్‌వేర్‌ను, మిగతా అన్నిట్లో ముందున్నా సరే, నేను సిఫారసు చేయను.